పేషెంట్ ముఖం ఫొటో: ఆరు నెలల తర్వాత కూడా పోల్చుకోగలిగేలా తీయడం ఎలా

ముక్కు ఆపరేషన్ అయిన మూడు నెలలకు ఒక పేషెంట్ ఫాలోఅప్‌కి వచ్చారు. డాక్టరుగారు పాత ఫొటో, ఆ రోజు తీసిన ఫొటో పక్కపక్కన స్క్రీన్ మీద పెట్టారు. ముక్కు బాగా సన్నబడినట్టు కనిపించింది. పేషెంట్ ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం లోపల రాయి పడినట్టయింది. మొదటి ఫొటో తీసింది నేనే. ఇరుకు గదిలో, చేయి చాపితే అందేంత దగ్గర నుంచి తీశాను. రెండోది ఒకటిన్నర మీటర్ల దూరం నుంచి తీశాను. ముక్కులో వచ్చిన మార్పు ఎంత, నేను నిలబడ్డ చోటు మారడం వల్ల కనిపిస్తున్న తేడా ఎంత అన్నది ఆ రెండు ఫొటోలను బట్టి ఎవరూ చెప్పలేరు. పాత ముక్కు ఇక లేదు కాబట్టి ఆ మొదటి ఫొటో మళ్లీ తీయడమూ కుదరదు.

వైద్యం కోసం తీసే ముఖం ఫొటో అందంగా రావాల్సిన పని లేదు. అది ఒక కొలత. బరువు చూసే మిషన్ రోజుకో రకంగా చూపిస్తే ఎంత ప్రమాదమో, ఈ ఫొటో రోజుకో రకంగా ఉన్నా అంతే. రెండు ఫొటోల మధ్య ఏదైనా మారిందంటే అది ముఖం ఒక్కటే అయి ఉండాలి. లైటు, దూరం, లెన్స్, తల వంపు, కెమెరా ఎత్తు ఏవీ మారకూడదు. కింద చెప్పేదంతా దాని కోసమే. మంచి కెమెరా ఉన్నా, చేతిలో ఫోన్ మాత్రమే ఉన్నా పద్ధతి ఒక్కటే.

ముందు మాట, తర్వాత కెమెరా

పేషెంట్‌ని కూర్చోబెట్టి, ఎందుకు తీస్తున్నారో, ఎన్ని తీస్తారో, ఎవరు చూస్తారో చెప్పండి. దెబ్బ తగిలిన ముఖంతోనో, మూతి వంకరపోయిన ముఖంతోనో ఉన్న మనిషికి లెన్స్ ఎదుట కూర్చోవడం తేలిక కాదు. కొంతమంది జబ్బు మొదలైనప్పటి నుంచి అద్దం కూడా చూసుకొని ఉండరు. ఆ రెండు నిమిషాల మాట వల్ల ముఖంలో టెన్షన్ తగ్గుతుంది. దవడ బిగపట్టుకొని, పెదవులు నొక్కిపట్టుకొని ఉన్న ముఖం ఫొటోకి పనికిరాదు కాబట్టి మీ పనికి కూడా అదే మంచిది.

అనుమతి కాగితం మీద తీసుకోండి. చికిత్స రికార్డుకి వేరు, పాఠాలు చెప్పడానికి వేరు, పత్రికల్లో వేయడానికి వేరు. ఒకదానికి సరేనన్న మనిషి మిగతా రెండింటికీ సరేనన్నట్టు కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు దెబ్బతిన్న సైనికులకు సర్జన్ హెరాల్డ్ గిలీస్ ఆపరేషన్లు చేసిన ఇంగ్లండ్‌లోని సిడ్‌కప్ ఆసుపత్రి 1917లో మొదలైంది. అక్కడ కేసు రికార్డు కోసం తీసిన ఫొటోలను వందేళ్లు దాటాక కూడా జనం చూస్తున్నారు. మీరు ఇవాళ తీసే ఫొటో కూడా ఎంతకాలం ఉంటుందో తెలియదు. అందుకే ఎవరెవరు చూడొచ్చో ఆ మనిషినే చెప్పనివ్వండి. కళ్ల మీద నల్ల పట్టీ వేస్తే గుర్తుపట్టరులే అనుకోవద్దు. కళ్లు మాత్రం దాస్తే సరిపోదని అంతర్జాతీయ వైద్య పత్రికల సంపాదకుల కమిటీ కూడా స్పష్టంగా చెప్పింది.

చోటు ఒక్కసారి సరిచేసి పెట్టుకోండి

వీలైతే ఒక మూల ఈ పనికే కేటాయించండి. వెనక మెరుపు లేని గుడ్డో, రంగు వేసిన గోడో ఉండాలి. మధ్యస్థంగా ఉండే నీలం, లేదా బూడిద రంగు మంచిది. ఎర్ర, పసుపు గోడల రంగు చర్మం మీద పడుతుంది. తెల్లగోడ ముందు నల్లని చర్మం ఇంకా నల్లగా అనిపిస్తుంది. పేషెంట్ గోడకి ఆనుకొని కాకుండా అర మీటరు నుంచి ఒక మీటరు ముందుకి కూర్చోవాలి. అప్పుడు తల నీడ గోడ మీద పడదు, దవడ అంచు స్పష్టంగా తెలుస్తుంది.

నేల మీద రంగు టేపు అంటించండి. స్టూల్ ఎక్కడుండాలో, మీరు ఎక్కడ నిలబడాలో గుర్తు పెట్టండి. స్టూల్ నుంచి ఎదురుగా ఒకటి, కుడికీ ఎడమకీ 45 డిగ్రీల దగ్గర ఒక్కొక్కటి, 90 డిగ్రీల దగ్గర ఒక్కొక్కటి, మొత్తం ఐదు గీతలు వేయండి. పేషెంట్ పాదాలు గీత వైపు తిప్పి కూర్చుంటే ఒళ్లంతా తిరుగుతుంది. మెడ ఒక్కటే తిప్పితే మెడ చర్మం మడతలు పడుతుంది, దవడ కింద లేని గీతలు కనిపిస్తాయి. నేను చూసినంతలో ఈ టేపు ముక్కలంత ఉపయోగపడిన పరికరం ఇంకొకటి లేదు.

లైటు

ఒకే రకం లైట్లు రెండు, పేషెంట్‌కి కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి, కెమెరా నుంచి 45 డిగ్రీల వంపులో, తలకన్నా కాస్త ఎత్తులో పెట్టండి. వాటి ముందు తెల్లటి పల్చటి తెర ఉంటే వెలుగు మెత్తగా పడుతుంది. రెండూ ముఖానికి సమాన దూరంలో ఉండాలి. లేకపోతే ఒక చెంప వాచినట్టు, ఇంకోటి లోపలికి పోయినట్టు అనిపిస్తుంది. ముఖం రెండు వైపులా సమానంగా ఉందో లేదో చూడాల్సిన కేసులో ఇంతకన్నా పెద్ద తప్పు లేదు.

లైట్లు లేకపోతే, ఎండ నేరుగా పడని పెద్ద కిటికీ చాలు. పేషెంట్ ముఖం కిటికీ వైపు ఉండాలి, మీరు కిటికీకి వీపు పెట్టాలి, మీ నీడ మాత్రం ముఖం మీద పడకూడదు. గదిలో ట్యూబులైటు ఆపేయండి. పగటి వెలుగు, బల్బు వెలుగు కలిస్తే ఒక చెంప నీలంగా, ఒక చెంప పచ్చగా వస్తుంది. తర్వాత కంప్యూటర్‌లో ఎంత సరిచేసినా రెండూ కలవవు. కెమెరా మీదుండే చిన్న ఫ్లాష్ నేరుగా కొడితే నుదురు, ముక్కు మెరిసిపోయి లోతు కనబడదు. అది వాడకండి.

రంగు విషయంలో ఒక జాగ్రత్త. కెమెరా ఏ దృశ్యాన్నైనా మధ్యస్థ బూడిద రంగుకి దగ్గరగా తేవాలని చూస్తుంది. ఫ్రేమ్ నిండా ముఖమే ఉంటే, నల్లని చర్మాన్ని తెల్లబరుస్తుంది, తెల్లని చర్మాన్ని మసకబరుస్తుంది. నల్లని చర్మం మీద ఎర్రదనం అసలే గోధుమరంగుగానో ఊదాగానో కనిపిస్తుంది. కెమెరా దాన్ని ఇంకాస్త తెల్లబరిస్తే ఆ తేడా కూడా పోతుంది. అందుకని గ్రే కార్డు అనే 18 శాతం బూడిద రంగు అట్టని ముఖం దగ్గర పట్టుకొని, దాన్ని బట్టి వెలుగు, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా రంగులు సరిచేసే సెట్టింగు) సెట్ చేసి లాక్ చేయండి. ఆ కార్డు కూడా కనిపించేలా ముందుగా ఒక ఫొటో తీసి ఉంచండి.

దూరం: అన్నిటికన్నా ముఖ్యం ఇదే

ముక్కు కొన నుంచి చెవి రంధ్రం దాకా లోతు సుమారు 12 సెంటీమీటర్లు అనుకుందాం. కెమెరా ముక్కుకి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవి 42 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు. అంటే చెవి 40 శాతం ఎక్కువ దూరం. దగ్గరున్నది పెద్దగా, దూరమున్నది చిన్నగా కనిపిస్తుంది కాబట్టి ముక్కు ఉబ్బుతుంది, చెవులు వెనక్కి దాక్కుంటాయి. అదే కెమెరా 150 సెంటీమీటర్ల దూరం వెళ్తే చెవి 162 దగ్గర ఉంటుంది. తేడా 8 శాతమే. 2018లో ప్రచురితమైన ఒక లెక్క ప్రకారం, ముఖం వెడల్పుతో పోల్చి చూస్తే, 30 సెంటీమీటర్ల నుంచి తీసిన ఫొటోలో ముక్కు వెడల్పు ఒకటిన్నర మీటర్ల నుంచి తీసిన దానికన్నా సుమారు 30 శాతం ఎక్కువగా వస్తుంది. సెల్ఫీ చూసుకొని ముక్కు లావుగా ఉందని బాధపడేవాళ్లకి ఈ మాట చెప్పాలి.

చాలామంది దీన్ని లెన్స్ తప్పు అనుకుంటారు. తప్పు దూరానిది. లెన్స్ చేసేదల్లా మీరు ఎంత దూరంలో నిలబడితే ముఖం ఫ్రేమ్‌లో నిండుతుందో నిర్ణయించడమే. 24 మి.మీ. లెన్స్‌తో ముఖం నిండాలంటే మీదకి వెళ్లాలి. 85 నుంచి 105 మి.మీ. లెన్స్ అయితే ఒకటి, ఒకటిన్నర మీటర్ల దూరంలో నిలబడితే చాలు. ఇది ఫుల్ ఫ్రేమ్ కెమెరా, అంటే పెద్ద సెన్సర్ ఉన్న కెమెరా లెక్క. సెన్సర్ చిన్నదైన కెమెరాలో 60 మి.మీ. లెన్స్ ఇంచుమించు అదే పని చేస్తుంది.

ఫోన్‌లో మామూలుగా తెరుచుకునే కెమెరా బాగా వెడల్పాటిది. 2 రెట్లో 3 రెట్లో జూమ్ ఉన్న లెన్స్ ఎంచుకొని, ఒకటిన్నర మీటర్లు వెనక్కి జరగండి. అలాంటి లెన్స్ లేకపోయినా దూరం మాత్రం తగ్గించకండి. దూరం నుంచే తీసి తర్వాత చుట్టూ కత్తిరించుకోండి. పిక్సెళ్లు కొన్ని పోతాయి గానీ ఆకారం నిజంగా ఉంటుంది.

ఫోన్‌తో ఇంకా కొన్ని ఇబ్బందులున్నాయి. బ్యూటీ ఫిల్టర్ కొన్ని ఫోన్లలో ముందే ఆన్ అయి ఉంటుంది, అది మచ్చలు చెరిపేస్తుంది. పోర్ట్రెయిట్ మోడ్ చెవుల అంచులు మసకబరుస్తుంది. రెండూ ఆపేయండి. సెల్ఫీ కెమెరా అస్సలు వద్దు. కొన్ని ఫోన్లు అద్దంలో బొమ్మలా కుడిఎడమలు తిప్పి సేవ్ చేస్తాయి. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ రికార్డులో కుడి చెంప మీదకి వెళ్తే దాని వల్ల ఏం జరగొచ్చో చెప్పక్కర్లేదు.

కెమెరా సెట్టింగులు తేలికే. లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకోవాలో చెప్పే ఎఫ్ నంబరుని ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య పెడితే ముక్కు కొన నుంచి చెవి దాకా అంతా ఫోకస్‌లో ఉంటుంది. వెనకంతా మసకగా, కళ్లు మాత్రమే పదునుగా ఉండే ఫొటో పెళ్లికి బాగుంటుంది, వైద్యానికి కాదు. షట్టర్ వేగం సెకనులో 1/125 వంతు, వెలుగుకి సెన్సర్ ఎంత స్పందించాలో చెప్పే ఐఎస్ఓ 100 లేదా 200. ఫోకస్ మీకు దగ్గరున్న కంటి మీద పెట్టండి.

ముఖం సిద్ధం చేయడం

కళ్లజోడు, చెవుల, ముక్కు నగలు తీయించండి. మేకప్ తుడిపించండి. జుట్టు మొత్తం వెనక్కి వెళ్లాలి, నుదురు, రెండు చెవులు పూర్తిగా కనిపించాలి. నల్ల హెయిర్ బ్యాండ్ ఒకటి దగ్గర పెట్టుకోండి. మెడ కనిపించేలా కాలర్ దించమనండి. నూనెగా మెరుస్తుంటే టిష్యూతో అద్దండి, గట్టిగా రుద్దితే ఎర్రబడుతుంది. పేషెంట్ కుదరదన్న వస్తువు ఏదైనా ఉంటే బలవంతం చేయకండి. ఆ సంగతి రికార్డులో రాసి, తర్వాతిసారి కూడా అలాగే తీయండి.

తల నిలబెట్టడం

కొత్తవాళ్లు ఎక్కువ పొరపడేది ఇక్కడే. గడ్డం కాస్త పైకెత్తితే మెడ బిగిసి, దవడ కింద కొవ్వు మాయమవుతుంది. కాస్త దించితే రెండో గడ్డం వస్తుంది. తల ముందుకి చాచినా అంతే. ఆపరేషన్‌కి ముందు గడ్డం దించి, తర్వాత ఎత్తి తీస్తే ఏమీ చేయకపోయినా ఫలితం వచ్చినట్టే ఉంటుంది.

దీనికి పాత కొలత ఒకటుంది. 1884లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మానవ శాస్త్రవేత్తలు పుర్రెలను కొలవడానికి ఒక గీతకి ఒప్పుకున్నారు. చెవి రంధ్రం పై అంచు నుంచి కంటి గుంత కింది ఎముక అంచు దాకా గీసిన గీత అది. ఆ గీత నేలకి సమాంతరంగా ఉంటే తల నిటారుగా ఉన్నట్టు. దవడల ఎక్స్‌రేలో ఇప్పటికీ అదే గీత వాడతారు కాబట్టి, మీ ఫొటోని ఎక్స్‌రే పక్కన పెట్టి చూసే డాక్టరుకి కూడా పని సులువవుతుంది.

ముఖం మీద మీరేమీ గీయక్కర్లేదు. ముందు పక్కకి వెళ్లి నిలబడి చూడండి. కంటి కింద ఎముక ఎక్కడుందో, చెవి రంధ్రం ఎక్కడుందో చూసి ఆ రెండింటినీ మనసులో ఒక గీతతో కలపండి. "గడ్డం కొంచెం దించండి... ఇంకొంచెం... చాలు, అలాగే ఉండండి" అని మెల్లగా చెప్పండి. మీరు పట్టుకొని తిప్పితే మనిషి బిగుసుకుపోతారు. ఎదురుగోడ మీద వాళ్ల కళ్ల ఎత్తులో ఒక చుక్క అంటించి దాన్ని చూడమంటే ఇంకా తేలిక. తర్వాత ఎదురుగా వచ్చి, తల ఒక భుజం వైపు ఒరగలేదని చూసుకోండి. రెండు చెవులూ సమానంగా కనిపిస్తే తల ఏ పక్కకీ తిరగలేదన్నమాట. స్క్రీన్ మీద గ్రిడ్ గీతలు ఆన్ చేసుకుంటే ఇది చూడటం సులువు.

కెమెరా నిలువుగా పట్టుకోవాలి, లెన్స్ ముఖం మధ్య ఎత్తులో ఉండాలి. మీరు నిలబడి, కూర్చున్న మనిషిని పైనుంచి తీస్తే నుదురు పెద్దదై గడ్డం కుంచించుకుపోతుంది. స్టూల్ పైకి లేపండి, లేదా మీరే మోకాళ్లు వంచండి.

ఏ ఏ వైపుల నుంచి

కనీసం ఐదు: ఎదురుగా, కుడి 45, ఎడమ 45, కుడి పక్క, ఎడమ పక్క. జబ్బు ఒకవైపే ఉన్నా రెండు వైపులా తీయండి. బాగున్న వైపే పోల్చుకోవడానికి ఆధారం.

ఎదురు ఫొటోలో కళ్లు తెరిచి, పెదవులు వదులుగా, ముఖంలో ఏ భావమూ లేకుండా ఉండాలి. "నవ్వొద్దు" అంటే జనం ఇంకా నవ్వుతారు. "మెల్లగా గాలి వదలండి" అనండి, వదిలిన క్షణంలో నొక్కండి. 45 డిగ్రీల ఫొటోకి గుర్తు ముక్కు కొన. అది అవతలి చెంప అంచుని తాకీతాకనట్టు ఉన్నప్పుడు తీయండి. కొందరు డాక్టర్లు వేరే గుర్తు వాడతారు, ఏదైనా ఫరవాలేదు, మీ దగ్గర మాత్రం అందరూ ఒకటే వాడాలి. పక్క ఫొటోలో అవతలి కనుబొమ్మ కనిపించకూడదు. కనిపిస్తే ఇంకా పూర్తిగా తిరగలేదని అర్థం.

ముక్కు, పెదవుల కేసులకి కింది నుంచి ఒకటి కావాలి. ముక్కు కొన రెండు కనుబొమ్మల మధ్యకి వచ్చేదాకా తల వెనక్కి వాల్చమనండి, ముక్కు రంధ్రాలు రెండూ పూర్తిగా కనిపిస్తాయి. పెదవి చీలికతో పుట్టిన పసిపిల్లలకి అన్నిటికన్నా పనికొచ్చేది ఈ ఫొటోనే. తల్లి ఒళ్లో పడుకోబెట్టి, తల కాస్త వాల్చి, వరసగా పది తీసి ఒకటి ఎంచుకోండి.

ముఖం పక్షవాతం వచ్చినవాళ్లకి కదలని ఫొటో ఒక్కటి చాలదు. మామూలుగా ఉన్నప్పుడు, కనుబొమ్మలు ఎత్తినప్పుడు, కళ్లు మెల్లగా మూసినప్పుడు, గట్టిగా మూసినప్పుడు, పళ్లు కనిపించేలా నవ్వినప్పుడు, మూతి ముడిచినప్పుడు, ఇలా ఆరు తీయండి. కళ్లు మెల్లగా మూయడం, గట్టిగా మూయడం రెండూ వేర్వేరుగా ఎందుకంటే, ముఖ పక్షవాతం ఎంత తీవ్రంగా ఉందో కొలవడానికి 1985 నుంచి వాడుకలో ఉన్న హౌస్-బ్రాక్‌మన్ ఆరు మెట్ల స్కేలులో అది కీలకం. గట్టిగా ప్రయత్నిస్తే కన్ను పూర్తిగా మూసుకుంటే మూడో మెట్టు, అప్పటికీ మూసుకోకపోతే నాలుగు లేదా ఆపైన. వీలైతే అదే వరసలో చిన్న వీడియో కూడా తీయండి.

దెబ్బలతో వచ్చినవాళ్ల విషయంలో మీ ఫొటో కోసం చికిత్స ఆగకూడదు. మెడకి కాలర్ ఉంటే తల అస్సలు కదపొద్దు, పడుకున్నట్టే పైనుంచి నిటారుగా తీయండి. పడుకున్నప్పుడు చెంపలు వెనక్కి జారతాయి కాబట్టి 'పడుకొని' అని రాసిపెట్టండి. గాయం కడగకముందు ఒకటి, కడిగాక ఒకటి ఉండాలి.

మచ్చ, పుండు, పుట్టుమచ్చ దగ్గరగా తీయాలంటే ముందు అది ముఖంలో ఎక్కడుందో తెలిసేలా దూరం నుంచి ఒకటి తీశాకే దగ్గరికి వెళ్లండి. పక్కన చిన్న స్కేలు పెట్టండి. స్కేలు మచ్చ ఉన్న చర్మం ఎత్తులోనే ఉండాలి, ముందుకి ఉంటే కొలత తప్పు వస్తుంది. స్కేలు లేకుండా కూడా ఒకటి తీయండి. మచ్చ ఉబ్బెత్తుగా ఉంటే ఒక లైటు ఆపి, పక్క నుంచి వాలుగా వెలుగు పడేలా అదనంగా ఇంకొకటి తీస్తే ఎత్తుపల్లాలు తెలుస్తాయి.

పేషెంట్ లేచి వెళ్లకముందే

ఫొటోలు పెద్దవి చేసి చూడండి. కనురెప్ప వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయా? కళ్లు ఆర్పిన ఫొటో ఉందా? ఏ వైపైనా మర్చిపోయారా? వాళ్లు అడిగితే చూపించండి, అది వాళ్ల ముఖం.

కెమెరాలోని ఒకే మెమరీ కార్డులో పదిమంది ఫొటోలు కలిసిపోకుండా, ప్రతి పేషెంట్‌కీ మొదటి ఫ్రేమ్‌గా పేషెంట్ నంబరు, తేదీ రాసిన చీటీని తీయడం అలవాటు చేసుకోండి. ఫైలు పేరులో పేరు వద్దు. నంబరు, తేదీ, వైపు చాలు. ఫోన్‌లో లొకేషన్, ఆటోమేటిక్ బ్యాకప్ ముందే ఆపండి, లేదంటే పేషెంట్ ముఖం మీ ఇంటి ఫొటోల మధ్యకి చేరుతుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపితే నాణ్యత పడిపోతుంది, పైగా ఎవరెవరి ఫోన్లలో మిగిలిపోతుందో తెలియదు. ఆసుపత్రి రికార్డులోకి ఎక్కించి, చేరిందని చూసుకొని, కార్డులోంచీ ఫోన్‌లోంచీ తుడిచేయండి. ఎక్స్‌రే, స్కాన్లు దాచే డైకామ్ పద్ధతిలో మామూలు ఫొటోలకి కూడా చోటుంది. మీ దగ్గర ఆ ఏర్పాటు ఉంటే అక్కడే పెట్టించండి, స్కాన్ పక్కనే ముఖం కూడా తెరుచుకుంటుంది. అసలు ఫైలు ముట్టుకోవద్దు. వెలుగు సరిచేయాలన్నా, కత్తిరించాలన్నా కాపీ మీదే చేయండి.

రెండోసారి వచ్చినప్పుడు

పాత ఫొటో తెరిచి కెమెరా పక్కన పెట్టుకోండి. చెవి తమ్మె ఏ ఎత్తులో ఉంది, 45 డిగ్రీల ఫొటోలో ముక్కు కొన చెంపని ఎక్కడ తాకింది, ఇవి కలిసేదాకా తల సర్దండి. ఆ లెన్స్, ఆ దూరం, ఆ లైట్లే వాడండి. మొదటిసారే ఇవన్నీ ఒక చీటీలో రాసి రికార్డులో పెట్టి ఉంటే వెతుక్కునే పని ఉండదు.

పాత ఫొటో తప్పుగా తీసి ఉంటే రెండు సెట్లు తీయండి. ఒకటి సరైన పద్ధతిలో, ఇకపై పోల్చుకోవడానికి. ఇంకొకటి పాత ఫొటో తీసిన అదే దగ్గరి దూరం నుంచి, అదే లెన్స్‌తో, 'పాత దూరం' అని పేరు పెట్టి. ఆ ముక్కు పేషెంట్ విషయంలో ఇది నాకు ఆ రోజు తోచలేదు. డాక్టరుగారికి జరిగింది చెప్పాను, ఆయన పేషెంట్‌కి చెప్పారు. తర్వాతి ఫాలోఅప్‌లో చేయి చాపితే అందేంత దగ్గర నుంచి ఇంకో ఫొటో తీసి మొదటిదాని పక్కన పెట్టాం. ముక్కు నిజంగానే సన్నబడింది, కానీ మొదట స్క్రీన్ మీద చూసినంత కాదు.